కంటికి కనబడని గాయము

ఎముక విరిగిన ఎల్లరకును తెలియును. కండరము చిరిగిన బాధపడువానికి తప్ప తెలియదు. వాపు లేని నొప్పిని సాకు అని కొట్టివేయువారు ఏ మైదానమందైనను కలరు. ఆటగాని మాటకు సాక్ష్యము చూపుటకు వైద్యశాస్త్రమునకు దాదాపు ఎనుబది యేండ్లు పట్టినది. ఆ కథను సంగ్రహముగా మనవి చేయుదుము.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గు నగరమున రంట్‌జెన్ పండితుడు ఎక్స్ కిరణములను కనుగొనెను. ఆ డిసెంబరులో ఆయన తీసిన తన భార్య హస్తచిత్రమున ఎముకలును, వ్రేలి ఉంగరమును స్పష్టముగా గోచరించెను. మాంసము మాత్రము పలుచని నీడగానే మిగిలెను. కండరముల గాయములు చిరకాలము ఆ నీడలోనే దాగియుండెను.

1958లో గ్లాస్గో నగరమున అయాన్ డోనాల్డు ప్రభృతులు చెవికి వినబడని ధ్వనితరంగములతో ఉదరములోని కణుతులను చిత్రించి ప్రకటించిరి. ఆ పద్ధతియే పిమ్మట కండరములకును ఉపయోగపడెను. 1973లో అమెరికాలో పాల్ లాటర్‌బర్ అయస్కాంతక్షేత్రముతో చిత్రమును నిర్మించు మార్గము చూపెను. 2003లో ఆయనకును, ఇంగ్లండుకు చెందిన పీటర్ మాన్స్‌ఫీల్డుకును నోబెల్ బహుమానము లభించెను. శరీరమందలి నీటిలోని హైడ్రోజనే ఈ పద్ధతికి ఆధారము. గాయపడిన చోట నీరు చేరును; తగిన చిత్రములలో అది తెల్లగా వెలిగి గాయము జాడ చెప్పును.

ఇక మన ఊరి ముచ్చట. సికిందరాబాదులోని రైల్వే సిగ్నల్, టెలికమ్యూనికేషన్ శిక్షణసంస్థ ఆవరణలో మహబూబ్ అలీ వద్ద బాడ్మింటన్ ఓనమాలు దిద్దిన పి.వి. సింధు, 2022 ఆగస్టు 8న బర్మింగ్‌హాం కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణపతకము గెలిచెను. క్వార్టర్ ఫైనలునందే బాధ మొదలైనను ఆమె ఆట విడువలేదు. హైదరాబాదు చేరిన వెంటనే ఎం.ఆర్.ఐ. తీయింపగా, ఎడమ పాదమున ఒత్తిడివలని చీలిక యున్నదని వైద్యులు నిర్ధారించిరి. ఆ నెలలోనే టోక్యోలో జరుగనున్న ప్రపంచ పోటీలనుండి ఆమె విరమించుకొనెను.

ఇది కండరపు గాయము కాదు, ఎముక గాయమే. అయినను ఇట్టి సన్నని చీలిక తొలినాళ్ల ఎక్స్‌రేలో తరచుగా కనబడదు. ఎముక మజ్జలో చేరిన నీటిని ఎం.ఆర్.ఐ. ముందే పట్టి యిచ్చును. ఆ చిత్రము లేనిచో, గెలుపు ఉత్సాహమున ఆట సాగి, చీలిక పూర్తిగా విరుగుటకు దారితీయవచ్చును.

చిత్రము గాయమును మాన్పదు; ఎప్పుడు ఆగవలెనో చెప్పును. ప్రతి నొప్పికిని యంత్రము అక్కరలేదు, ప్రతి ఊరను అది దొరకదు. కావున మన వీధి మైదానములలో "నొప్పి" యన్న బిడ్డ మాటనే మొదటి సాక్ష్యముగా గైకొనుట పెద్దల విధి.