స్టేజీ

బంగారుపాళ్యానికి బండ్ల కొరత ఏనాడూ లేదు. చిత్తూరు నుంచి మొగిలి ఘాటెక్కి, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు చేరే పాత దారి ఈ ఊళ్లోంచే పోతుంది. ఊరి పేరులోని పాళ్యం పాళెగాళ్ల కాలం నాటిది. దారి కాచినందుకు బాటసారుల దగ్గర కావలి రుసుం తీసుకోవడం ఆనాటి పాళెగాళ్ల రాబడిలో ఒక భాగం. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కుంపిణీ వాళ్లు ఆ హక్కును తీసేశారు గానీ, దారి మీద రద్దీ తగ్గలేదు. 1864లో బెంగళూరుకు రైలు వచ్చినప్పుడు అది ఈ కొండల జోలికి రాకుండా గుడియాత్తం, ఆంబూరు పక్కగా పాలారు లోయ వెంట వెళ్లిపోయింది. తర్వాత పాకాల మీదుగా ధర్మవరం వైపు వేసిన మీటర్‌గేజి లైను కూడా బంగారుపాళ్యాన్నీ పలమనేరునూ తాకలేదు. కనుక ఈ సీమ జనానికి రోడ్డొక్కటే దిక్కైంది. అయితే రోడ్డు మీద బండ్లు తిరిగినంత మాత్రాన ఊరికి ప్రయాణ సౌకర్యం ఉన్నట్టు కాదు. వందల బండ్లు దుమ్ము రేపుకుంటూ పోయినా, వాటిలో చెయ్యెత్తితే ఆగేది ఎన్ని, ఏ వేళకు ఆగుతుంది అన్నదే అసలు లెక్క.

ఈ తేడాను చట్టం ఎనభై ఏళ్ల కిందటే గుర్తించింది. 1939 మోటారు వాహనాల చట్టం కిరాయి బస్సులను రెండు రకాలుగా విడదీసింది. మొత్తంగా ఒప్పందానికి మాట్లాడుకున్నవాళ్లను ఒకచోట ఎక్కించుకుని మరోచోట దించేది కాంట్రాక్ట్ క్యారేజి. దారిలో ఒక్కో మజిలీకి ఇంతని టికెట్ తీసుకుని, ఎక్కేవాళ్లను ఎక్కిస్తూ దిగేవాళ్లను దించుతూ పోయేది స్టేజి క్యారేజి. మన పల్లెల్లో బస్సు ఆగే చోటును ఇప్పటికీ స్టేజీ అనే అంటారు. చట్టంలోని మాట జనం నోట్లో ఊరి గుర్తుగా నిలిచిపోయింది. రాత్రిపూట బెంగళూరు, చెన్నైల మధ్య పరుగెత్తే ట్రావెల్స్ బస్సుకూ పల్లెవెలుగుకూ ఉన్న భేదమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఆ స్టేజీల దగ్గర మొదట బస్సులు ఆపింది ప్రైవేటు యజమానులే. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషను పెట్టినప్పుడు వెనక బొగ్గు పొయ్యి తగిలించుకుని, ఆ గ్యాసుతో బస్సులు నడిపిన కష్టం వాళ్లది. అది తక్కువ సేవ కాదు. కానీ జనం నిండే మార్గానికి పర్మిట్ల కోసం పోటీ, నిండని మార్గానికి ఎవరూ రాకపోవడం అన్నది ఆ వ్యాపారం స్వభావంలోనే ఉంది. అందుకే 1950లో రోడ్డు రవాణా సంస్థల చట్టం, 1956లో మార్గాలను జాతీయం చేయడానికి మోటారు చట్టంలో కొత్త అధ్యాయం వచ్చాయి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ పుట్టింది. ఇదంతా మచ్చ లేకుండా సాగిందని నేననను. కర్నూలు జిల్లా మార్గాల పథకాన్ని 1964లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తన మీద వచ్చిన ఆరోపణలకు ముఖ్యమంత్రి అఫిడవిట్‌తో జవాబు చెప్పలేదని ఆక్షేపించింది. నీలం సంజీవరెడ్డి పదవి వదులుకున్నారు. బస్సు రూట్ల మీద ఒక ముఖ్యమంత్రి దిగిపోయాడంటే, రాయలసీమలో ఆ రూట్ల విలువ ఎంతటిదో ఊహించవచ్చు.

ఆర్టీసీ నష్టాల్లో నడుస్తోంది, పన్నుల సొమ్ముతో ఎన్నాళ్లు మోయాలి అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చకూడదు. కాకపోతే లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్నదే నా వాదం. మొగిలి నుంచి చిత్తూరు కాలేజీకి పాసు మీద వెళ్లే పిల్ల సంస్థ ఖాతాలో రాబడి తగ్గించే పద్దు. ఆ పిల్ల చదువు ఏ ఖాతాలోనూ ఎక్కదు. తోతాపురి కాయల కాలంలో మండీకి వచ్చే రైతు, ఆసుపత్రికి పోయే ముసలమ్మ, కోర్టు వాయిదాకు వెళ్లే మనిషి, వీళ్ల పని జరిగిందా లేదా అన్నది కూడా అంతే. దూరపు సర్వీసు తెచ్చిన డబ్బు పల్లె సర్వీసును పోషించాలన్నదే సంస్థ పెట్టినప్పటి ఆలోచన. లాభం వచ్చే రూట్లను ట్రావెల్స్‌కు వదిలేసి, మిగిలినవాటి నష్టాన్ని చూపి సంస్థను తప్పుపట్టడం న్యాయం కాదు.

షేర్ ఆటో ఉంది కదా, ఇంటింటికీ మోటారు సైకిల్ ఉంది కదా అనేది రెండో మాట. ఉన్నాయి, అవసరమే. కానీ ఆటో నిండితేనే కదులుతుంది, బస్సు టైముకు కదులుతుంది. బండి తోలడం రానివాళ్లకూ, ఇంట్లో బండి మరొకరి చేతిలో ఉండే ఆడవాళ్లకూ ఆ టైమే ఆధారం. 2013లో సమైక్యాంధ్ర సమ్మెతో సీమాంధ్ర పదమూడు జిల్లాల్లో సుమారు రెండు నెలలు ఆర్టీసీ చక్రం కదల్లేదు. ఆటోలు, జీపులు దొరికిన మాట నిజమే. బేరమాడగలిగినవాడే ఎక్కగలిగాడన్నదీ నిజమే.

2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. మంచి పని. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులకు అది వర్తించింది గానీ, అంతర్రాష్ట్ర సర్వీసులను పథకం నుంచి మినహాయించారు. మూడు రాష్ట్రాల బస్సులు తిరిగే ఈ దారిలో అది చిన్న విషయం కాదు. కళ్ల ముందు నాలుగు బస్సులు పోయినా ఉచిత టికెట్ చెల్లే బస్సు కోసం నిలబడాల్సిందే. బస్సులు పెంచకుండా టికెట్ తీసేస్తే మిగిలేది ఆ ఎదురుచూపే.

ఇప్పుడు సుమారు 260 కిలోమీటర్ల బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే ఇదే మండలం మీదుగా వస్తోంది. దాని మీదికి ఎక్కాలన్నా దిగాలన్నా ఇంటర్‌ఛేంజిల దగ్గరే, మధ్యలో స్టేజీ ఉండదు. దూరపు బస్సులు అటు మళ్లడం సహజం, మళ్లనివ్వండి. చిత్తూరు, పలమనేరు డిపోల అధికారులకూ ఈ ప్రాంతపు ప్రజాప్రతినిధులకూ విన్నపం ఒక్కటే: అలా మళ్లించిన ప్రతి బస్సుకు బదులుగా పాత రోడ్డు మీద ఒక పల్లెవెలుగు వేయండి, దాని టైము ప్రతి స్టేజీ దగ్గరా రాసి పెట్టండి.