మైకు సెట్టూ, గూడూరు అభ్రకమూ

పాత మైకు సెట్టులోని వాల్వును వెలుతురుకు పట్టి చూస్తే, గాజు లోపల పైనొకటి, కిందొకటి పలుచని అభ్రకం బిళ్లలు కనిపిస్తాయి. క్యాథోడు, గ్రిడ్డు, ప్లేటు ఒకదానికొకటి తగలకుండా పట్టి ఉంచేవి అవే. అభ్రకం వేడికి తట్టుకుంటుంది, కరెంటును పోనివ్వదు, కాగితం కన్నా పలుచని పొరలుగా విడిపోతుంది. ఈ గుణాల వల్లే ఉమ్మడి నెల్లూరు జిల్లా గనులకు ప్రపంచ రేడియో పరిశ్రమతో లంకె కుదిరింది.

గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతాల్లో తవ్వకాలు 19వ శతాబ్ది చివరి దశకాల్లో ఊపందుకున్నాయి. ఇక్కడి అభ్రకంలో చాలా భాగానికి ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, బీహారు రకానిది ఎర్రజీర. రెండో ప్రపంచ యుద్ధంలో వాల్వులకూ కండెన్సర్లకూ గిరాకీ పెరగడంతో, బ్రిటన్, అమెరికాలు భారతదేశపు అభ్రకం కొనుగోలుకు ఉమ్మడి మిషన్‌నే పెట్టాయి. పొరలు విప్పి, మచ్చ లేని రేకును ఏరిన కూలీల చేతిపనికి ఆడియో చరిత్ర పుస్తకాల్లో చోటు దక్కకపోవడం పెద్ద లోటు.

స్వాతంత్ర్యం తర్వాత తిరునాళ్లు, నాటకాలు, పెళ్లిళ్లు, ఎన్నికలు మైకు సెట్టు లేకుండా జరగడం అరుదైంది. 1940లో మొదలైన ఢిల్లీ కంపెనీ అహూజా పేరు ఈ వ్యాపారంలో ఇంటిపేరులా స్థిరపడింది. మైపాడు, కృష్ణపట్నం వంటి తీరపు ఊళ్లలో మాత్రం ఉప్పుగాలి ఈ సెట్లకు శత్రువు. స్విచ్చుల కొసలు పచ్చబడతాయి, వాల్యూమ్ తిప్పితే గరగరమంటుంది, చెమ్మ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టను లోలోపల తినేస్తుంది.

చేతులు మారి వచ్చిన సెట్టుకు నేరుగా కరెంటు ఇవ్వకూడదు. మెకానిక్కులు ముందు ఒక ఫిలమెంటు బల్బును సిరీస్‌లో కలుపుతారు. స్విచ్చు వేయగానే బల్బు ఒక్క క్షణం వెలిగి మందగిస్తే ఆశ ఉన్నట్టు, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు. పాట కన్నా హమ్ము ఎక్కువగా వినిపిస్తే మొదటి అనుమానం ఫిల్టర్ కండెన్సర్ల మీద: ఏళ్ల తరబడి వాటిలోని ద్రవం ఎండిపోయి ఉంటుంది. అవుట్‌పుట్ వాల్వు ప్లేటు ఎర్రబడుతుంటే, దాని ముందున్న కప్లింగ్ కండెన్సర్ లీకయి గ్రిడ్డు బయాస్‌ను చెడగొడుతోందేమో చూడాలి. వాల్వు మార్చినంత మాత్రాన ఆ జబ్బు పోదు, కొత్తదీ కాలిపోతుంది. సెట్టు కట్టేసినా కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. అందుకే వాటిని రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

ట్రాన్సిస్టర్లు వచ్చాక వాల్వుల గిరాకీ పడిపోయింది. దానికితోడు కృత్రిమ పదార్థాలు వచ్చి అభ్రకం వ్యాపారాన్ని కుదించాయి. అయినా అభ్రకం ఆంప్లిఫయర్‌ను పూర్తిగా వదల్లేదు. 2ఎన్3055 వంటి పవర్ ట్రాన్సిస్టర్ లోహపు ఒళ్లే దాని కలెక్టరు. దాన్ని హీట్‌సింక్‌కు బిగించేటప్పుడు మధ్యలో పలుచని అభ్రకం రేకు వేసి, రెండు పక్కలా తెల్లటి పేస్టు రాస్తారు. వేడి అవతలికి పోతుంది, కరెంటు పోదు. రేకు చిరిగినా, కింద లోహపు రజను చిక్కినా ఫ్యూజు ఎగిరిపోతుంది. కాబట్టి ట్రాన్సిస్టర్ మార్చిన ప్రతిసారీ కొత్త రేకు వేసి, ట్రాన్సిస్టర్ ఒంటికీ హీట్‌సింక్‌కూ మధ్య మీటరు పెట్టి చూసిన తర్వాతే సెట్టును మళ్లీ సిరీస్ బల్బుకు కలుపుతారు.