ఉప్పు పడే లోపు

మిషిగన్‌లో అక్టోబరు నెలాఖరుకి ఒక రకం హడావిడి మొదలవుతుంది. రాలిన ఆకులు ఊడ్చుకోవడం, పెరట్లో కుళాయిల్లో నీళ్ళు లేకుండా తీసెయ్యడం, చలికోట్లు బయటికి తియ్యడం అన్ని ఇళ్ళలోనూ ఉండేవే. కొన్ని ఇళ్ళలో మాత్రం వీటికి తోడు ఒక పాత కారుని పడుకోబెట్టే పని కూడా ఉంటుంది. ఏడాదిలో దాదాపు ఆరు నెలలు గరాజులో ముసుగుతన్ని పడుకునే కార్లు మా వీధిలోనే నాలుగున్నాయి. అందులో ఒకటి మాది. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు "బండిని ఆరు నెలలు కదపకుండా ఉంచడమేమిటండీ, చాదస్తం కాకపోతే!" అంటారు. చాదస్తం కొంత ఉందనే అనుకోండి. కానీ ఈ అలవాటుకి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. అది మొదలైన కారణం ఒకటి, ఇప్పటిదాకా నిలిచిన కారణం పూర్తిగా వేరొకటి.

మొదట్లో ఇది ముచ్చటపడి చేసిన పని కాదు, గతిలేక చేసినది. 1900 తర్వాత మొదటి ఇరవై ఏళ్ళలో అమెరికాలో నడిచిన కార్లలో చాలా వాటికి పైకప్పంటే మడతపెట్టే గుడ్డే. పక్కలకి అద్దాలుండవు, వానొస్తే తెరలు తగిలించుకోవాలి. 1919లో కూడా పూర్తిగా మూసి ఉన్న కార్లు పదింట ఒకటే. మంచు పడేటప్పుడు అందులో పిల్లల్ని ఎక్కించుకుని ఎక్కడికెళ్తారు?

ఆ రోజుల కార్ల గురించి చదివినప్పుడల్లా నాకు ఆలిస్ రామ్సే గుర్తొస్తుంది. న్యూజెర్సీలో ఉండే 22 ఏళ్ళ ఇల్లాలు. రెండేళ్ళ కొడుకుని ఇంట్లో వదిలి, ఇద్దరు ఆడపడుచుల్నీ ఒక స్నేహితురాలినీ ఎక్కించుకుని, 1909లో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా పైకప్పు సరిగ్గా లేని మాక్స్‌వెల్ కారు తోలుకుంటూ వెళ్ళింది. దారి 3,800 మైళ్ళు. తోడొచ్చిన ముగ్గురికీ డ్రైవింగు రాదు. (ఆడపడుచులతో 59 రోజులు ఒకే బండిలో! నాకు అన్నిటికన్నా పెద్ద సాహసం అదే అనిపిస్తుంది.) ఆమె బయల్దేరింది జూన్‌లో, చేరింది ఆగస్టులో. నడి వేసవిలోనే అయోవా బురదలో అన్ని పాట్లు పడితే, అదే దారిలో డిసెంబరు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

రోడ్లు కూడా కారుకి అనుకూలంగా ఉండేవి కావు. ఇప్పుడు మంచు పడగానే తీసేస్తారు కదా, అప్పట్లో వెర్మాంట్ లాంటి చోట్ల దానికి సరిగ్గా వ్యతిరేకం. గుర్రాలతో పెద్ద చెక్క రోలర్లు లాగించి, మంచుని రోడ్డు మీదే గట్టిగా అణగదొక్కేవారు. ఎందుకంటే చలికాలంలో జనం తిరిగేది చక్రాల బళ్ళలో కాదు, స్లెడ్జిల్లో. వాటికి మంచు ఎంత నున్నగా ఉంటే అంత మంచిది. అంటే చలికాలం రోడ్డు గుర్రానిది, వేసవి రోడ్డు కారుది.

అసలు చిక్కు మాత్రం నీళ్ళతో. ఇంజను చల్లబడడానికి రేడియేటర్లో నీళ్ళు పోస్తారు. నీళ్ళు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా పెరుగుతాయి. మూతపెట్టిన సీసా ఫ్రీజర్లో మర్చిపోతే ఏమవుతుందో మనకి తెలుసు. ఇంజను ఇనపదైనా అంతే, పగులుతుంది. అందుకని చలి రాత్రుల్లో కారు ఆపగానే నీళ్ళన్నీ వదిలేసి, పొద్దున్న పొయ్యి మీద కాచిన వేడినీళ్ళు పోసి స్టార్ట్ చేసేవారు. ఆ నీళ్ళు కాచింది ఎవరో చరిత్ర పుస్తకాల్లో ఉండదు గానీ, పొయ్యి దగ్గర ఎవరుంటారో మనం చెప్పుకోనక్కర్లేదు. గడ్డకట్టకుండా ఆల్కహాలు కలిపేవాళ్ళూ ఉన్నారు. అది ఇంజను వేడికి ఆవిరైపోయేది, మళ్ళీ మళ్ళీ పోసుకోవాలి. కొందరు తేనె కలిపారు, పంచదార పాకం కలిపారు, గ్లిజరిన్ కలిపారు. రేడియేటర్లో తేనె!

ఇన్ని బాధలెందుకని చాలామంది మొదటి మంచుకి ముందే కారుని కొట్టంలో పెట్టేసేవారు. నీళ్ళన్నీ వదిలెయ్యడం, బరువంతా టైర్ల మీద పడకుండా ఇరుసుల కింద చెక్క దిమ్మలు పెట్టి కారుని పైకెత్తడం, బ్యాటరీ ఉంటే తీసి వెచ్చని చోట పెట్టడం, పైన గుడ్డ కప్పడం. గుర్రం మళ్ళీ పనిలోకి దిగేది.

ఇరవైల్లో ఇదంతా మారిపోయింది. 1922లో ఎసెక్స్ వాళ్ళు మూసిన కారుని మామూలు కారు కంటే కొంచెమే ఎక్కువ ధరకి ఇచ్చారు. 1925కి వాళ్ళదే మూసిన కారు తెరిచినదానికన్నా చవకైపోయింది. 1927కి అమెరికాలో అమ్ముడైన కార్లలో 85 శాతం మూసినవే. ఆడవాళ్ళు సుకుమారులు, వాళ్ళ కోసమే కారుకి కప్పూ అద్దాలూ వచ్చాయని ఆనాటి కంపెనీలు చెప్పుకునేవి. మగవాళ్ళకి చలి వెయ్యదు కాబోలు! అదే 1927లో ప్రెస్టోన్ పేరుతో ఇథిలీన్ గ్లైకాల్ అమ్మకానికి వచ్చింది. ఖరీదైనదే కానీ తొందరగా ఆవిరవదు, చలికాలమంతా ఆగుతుంది. ఊళ్ళవాళ్ళు కూడా మంచుని అణగదొక్కడం మానేసి తీసెయ్యడం మొదలుపెట్టారు. పదేళ్ళు తిరిగేసరికి కారు పన్నెండు నెలల బండైపోయింది.

ఇక పడుకోబెట్టాల్సిన పనేముంది? మళ్ళీ ఎందుకొచ్చిందంటే, ఉప్పు వల్ల.

1938లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం రోడ్ల మీద మంచు కరిగించడానికి ఉప్పు చల్లి చూసింది. ఉప్పు కలిస్తే నీళ్ళు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, ఇంకా కిందికి వెళ్ళాలి. యుద్ధం అయ్యాక హైవేలు పెరిగాయి, చలికాలంలో కూడా రోడ్డు నల్లగా కనిపించాల్సిందేనని జనం పట్టుబట్టారు. 1955లో దేశం మొత్తానికి పది లక్షల టన్నులు వాడిన ఉప్పు, 1970కి కోటి టన్నుల దగ్గరికి చేరింది. ఇంకో విచిత్రం, మా డెట్రాయిట్ ఊరి కిందే ఉప్పు గని ఉంది. 1910లో వెయ్యి అడుగులకి పైన లోతుకి ఆ గని గొయ్యి చేరింది. భూమి కింద రోడ్లు, లారీలు, అదో పెద్ద ఊరు. అక్కడి ఉప్పు ఇప్పుడు రోడ్లకే వెళ్తుంది. పైన కార్లు చేసే ఊరు, కింద వాటిని తినేసే సరుకు!

తినేయడమంటే అతిశయోక్తి కాదు. ఉప్పునీళ్ళు తగిలిన ఇనప మూకుడు తుడవకుండా రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రగా తుప్పు కనిపిస్తుంది. కారు అడుగున అదే నాలుగైదు నెలలు జరుగుతుంది. మావిడికాయ ముక్కని ఏడాదిపాటు కాపాడే ఉప్పే ఇనుముకి శత్రువు. 1980ల నుంచి కంపెనీలు జింకు పూసిన రేకు ఎక్కువగా వాడుతున్నాయి కాబట్టి కొత్త కార్లు కొంత తట్టుకుంటాయి. అంతకు ముందువాటికి ఆ రక్షణ తక్కువ. అందుకే ఇక్కడ పాత కారు ఉన్నవాళ్ళు మంచులో తిప్పడానికి వేరే డొక్కు బండి ఒకటి పెట్టుకుంటారు. దాన్ని వింటర్ బీటర్ అంటారు.

మాది 1978 ఓల్డ్స్‌మొబీల్ కట్లస్ సుప్రీమ్. మా మావయ్యగారు గుంటూరు నుంచి ఇక్కడికి ఇంజనీరుగా వచ్చాక కొన్న మొదటి కొత్త కారు. అప్పట్లో కట్లస్ అంటే ఇంటింటి కారు, 1976లో దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైంది అదే. మా వారిని స్కూలుకి దింపింది అందులోనే. 2004లో ఓల్డ్స్‌మొబీల్ అనే పేరే లేకుండా పోయింది. మావయ్యగారు పోయి ఆరేళ్ళు. "దాని చోటులో మనమ్మాయి కారు పెట్టుకోవచ్చు కదా" అని మా వారే ఒకసారి అన్నారు. అత్తయ్యగారు ఏమీ అనలేదు, మర్నాడు పొద్దున్నే వెళ్ళి దాని అద్దాలు తుడిచారు. ఆ మాట మళ్ళీ రాలేదు.

దసరాకి దానికి పూజ. బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, వీధి చివరిదాకా ఒక్క చుట్టు. తర్వాత రెండు మూడు వారాల్లో పడుకోబెట్టాలి, ఎందుకంటే తొలి మంచు కన్నా ముందే కొన్ని చోట్ల ఉప్పు చల్లేస్తారు. మావయ్యగారు చేసే వరస అత్తయ్యగారికి నోటికొచ్చు. మా వారూ నేనూ చేస్తుంటే ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చుంటారు.

ముందు కడగడం, అడుగు భాగం ముఖ్యం. రంగు మీద కుంకుమ ఆరిపోతే మరక పడుతుంది, అది మెత్తటి గుడ్డతో తియ్యాలి. తర్వాత ఇంజనాయిలు మార్పించాలి. వసంతంలో మార్చుకోవచ్చులే అనుకుంటారు చాలామంది, కానీ వాడిన నూనెలో తేమా ఆమ్లాలూ చేరి ఉంటాయి, అవి నెలల తరబడి ఇంజను లోపల నిలవుండకూడదు. పెట్రోలు ట్యాంకు నిండా పోసి, చెడిపోకుండా మందు కలిపి, ఆ మందు కార్బ్యురేటర్‌దాకా వెళ్ళేలా పది నిమిషాలు నడపాలి. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో తేమ చేరుతుంది. ఇక్కడి పెట్రోల్లో కలిపే ఇథనాల్ ఆ తేమని పీల్చుకుంటుంది.

కూలెంటు సగం నీళ్ళు, సగం గ్లైకాల్. అలా ఉంటే మైనస్ 37 డిగ్రీల దాకా భయం లేదు. టైర్లలో గాలి కాస్త ఎక్కువ పెట్టాలి, లేకపోతే ఒకేచోట నిలబడి అడుగు చదునైపోతుంది. హ్యాండ్ బ్రేకు వెయ్యకూడదు, నెలల తరబడి అలా ఉంటే పట్టేస్తుంది. చక్రాలకి అడ్డంగా చెక్కముక్కలు పెడితే చాలు. బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టి, ఛార్జి దిగకుండా చూసుకోవాలి. దిగిపోయిన బ్యాటరీ మామూలు చలికే గడ్డకడుతుంది, నిండా ఉన్నది అంత తేలిగ్గా కట్టదు.

ఎలుకల సంగతి వేరే. వెచ్చగా, చీకటిగా, మెత్తటి సీట్లతో ఉన్న ఇల్లు వాటికి ఇంకెక్కడ దొరుకుతుంది? సైలెన్సర్ గొట్టంలో, గాలి పీల్చే చోట స్టీలు పీచు కుక్కుతాం. అవేమిటో మర్చిపోకుండా కాగితం మీద రాసి స్టీరింగుకి కట్టాలని అత్తయ్యగారి నియమం. "గొట్టంలో పీచు ఉంది, బ్యాటరీ మెట్ల కింద ఉంది" అని ఆవిడే తెలుగులో రాస్తారు. మెకానిక్కి అర్థం కాదంటే, "వాడికెందుకు? తీసేది మీరేగా" అంటారు.

చివరికి ముసుగు. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల తేమ చేరుతుంది. ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు గాలాడే నూలుగుడ్డే కావాలి. మధ్యమధ్యలో స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచితే మంచిదని చాలామంది చెబుతారు. అలా చెయ్యకపోవడమే మేలు. ఇంజను పూర్తిగా వేడెక్కదు, గొట్టంలో ఊరిన నీళ్ళు ఆరవు, లోపల్నుంచి తుప్పు మొదలవుతుంది. పడుకున్నదాన్ని పడుకోనివ్వాలి.

బయటికి తీసే రోజు గురించే మా ఇంట్లో ఏటా వాదన. అత్తయ్యగారికి ఉగాదికి తియ్యాలని. ఉగాది మార్చి నెలాఖర్లో వస్తే ఇక్కడ రోడ్ల అంచున ఉప్పు ఇంకా తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది. రెండు మూడు గట్టి వానలు పడి రోడ్లు కడుక్కుపోయేదాకా ఆగాలని మా వారు. చివరికి ఉగాది నాడు గరాజు తలుపు తీసి, ముసుగు ఇంజను దాకా పక్కకి తప్పించి, బండి కదపకుండానే బొట్టు పెడతాం. వానలు ఏప్రిల్ మధ్యకి గానీ రావు. అప్పుడు మెట్ల కింద నుంచి బ్యాటరీ తెస్తాం.