కృష్ణా డెల్టాలో ప్రాణాపాయపు వృత్తులు, క్రైస్తవ విశ్వాసం

సముద్రపు వేట, కొండరాళ్లు కొట్టడం, తాటిచెట్లెక్కే గీతపని, పాములు తిరిగే చేలల్లో రాత్రిపూట నీరు కట్టడం కృష్ణా డెల్టాలో తరతరాలుగా ప్రాణాల మీదికి తెచ్చే పనులు. వీటితో పొట్టపోసుకున్న క్రైస్తవ కుటుంబాల మనశ్శాంతికి, అపాయం రాదన్న భరోసా కంటే, వచ్చినప్పుడు ఒంటరివాళ్లం కామన్న నమ్మకమే పెద్ద ఆధారమని ఇక్కడి చరిత్రను బట్టి చెప్పవచ్చు. ఆ విశ్వాసం ఇక్కడికి ఆలస్యంగానే చేరింది: 17వ శతాబ్దంలో డచ్చి, ఇంగ్లీషు వర్తకుల ఓడలు బందరు (మచిలీపట్నం) రేవుకు వచ్చినా, వారి మతం ఊళ్లలోకి పెద్దగా చేరలేదు.

1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ బందరు చేరారు. ఆ రోజుల్లో తెల్లవారికి మిషనరీ పని కూడా ప్రాణాంతకమే. ఫాక్స్ 1845లో భార్యను కోల్పోయాడు, 1848లో తానూ కన్నుమూశాడు. నోబుల్ మాత్రం ఒక్కసారైనా స్వదేశానికి వెళ్లకుండా బడి నడిపాడు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరు ప్రాంతంలో సుమారు 30,000 మందిని బలిగొన్నాక కూడా అతడు ఊరు విడవలేదు, మరుసటి ఏడాది అక్టోబరులో అక్కడే మరణించాడు. ఈ నిబ్బరం ప్రశంసనీయం. అయితే అది చదువుకున్నవాడి నిబ్బరం, కూలివాడి సంగతి వేరు. ఆ కూలివాళ్ల చరిత్ర బెజవాడ (నేటి విజయవాడ) మిషనరీ డార్లింగ్ వద్ద 1859లో రాఘవాపురం పాగోలు వెంకయ్య బాప్తిస్మం పొందడంతో మొదలైంది. ఆ తరువాత మాల, మాదిగ పల్లెల్లో సంఘాలు వెలిశాయి. అక్షరం రానివారు తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి కీర్తనలను విని కంఠతా పట్టారు. పాము కరిచినా, చెట్టు మీంచి పడినా ఆ ఇంటికి సంఘం కదిలివచ్చి ప్రార్థన చేసేది, గింజలు పోగుచేసి ఇచ్చేది. భయం పంచుకోగా తగ్గడమంటే ఇదే.

ఈ ఊరట క్రైస్తవులకే దక్కిందా, గంగమ్మకు మొక్కి పడవ ఎక్కే జాలరికి లేదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఆ జాలరికీ నిశ్చయంగా ఉంది. విజయవాడ గుణదలలో 1924లో ఫాదర్ అర్లాటి నెలకొల్పిన మేరీమాత గుహ వద్దకు హిందువులూ వస్తారు. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే తిరునాళ్లలో తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి, కొవ్వొత్తి వెలిగించి, మెట్లెక్కి కొండమీది శిలువ దాకా వెళతారు. కాబట్టి ఇక్కడ చెబుతున్నది ఒక మతం గొప్పతనం కాదు, ఒక సంఘం అలవరచుకున్న ఓదార్పు పద్ధతి.

దేవుడి మీద భారం వేసినవాడు జాగ్రత్త మానేస్తాడన్నది ఇంకా బరువైన ఆక్షేపణ. 1977 నవంబరు 19న కృష్ణా నది ముఖద్వారం వద్ద ఉన్న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది పోయారు, సొర్లగొంది వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. హెచ్చరిక చాలకపోవడం, ఎక్కి తలదాచుకునే పక్కా కట్టడాలు లేకపోవడం అందుకు కారణాలు. వాటిని వదిలి విశ్వాసాన్ని తప్పుపట్టడం సరికాదు. 1990 మేలో అదే తీరానికి పెను తుఫాను వచ్చినప్పుడు ముందుగానే లక్షల్లో జనాన్ని తరలించగా, మృతులు వెయ్యిలోపే. దేవుణ్ణి నమ్మినంత మాత్రాన తీరప్రాంత విశ్వాసులు తుఫాను షెల్టరును కాదనలేదు.