ఫ్రీడ్‌మెన్స్ ఆసుపత్రిలో పుట్టిన నర్సుల సంఘం

1932 అక్టోబరు 16న వాషింగ్టన్ నగరంలోని ఫ్రీడ్‌మెన్స్ ఆసుపత్రిలో పన్నెండు మంది నల్లజాతి నర్సులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ముందుండి నడిపించినామె అలీన్ కారింగ్టన్ ఈవెల్. అమెరికా కాలేజీల ఆనవాయితీ ప్రకారం దానికి గ్రీకు అక్షరాలతో ‘కై ఈటా ఫై’ అని పేరు పెట్టారు. మానవాళికి సేవ తమ ఆశయమన్నారు. ఆ పన్నెండు మందితో మొదలైన శాఖకు ‘ఆల్ఫా’ అని పేరు. దేశమంతటా తర్వాత వెలసిన శాఖలన్నిటికీ పెద్దక్క అదే.

అది ఫ్రీడ్‌మెన్స్‌లోనే ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఆ ఆసుపత్రి కథ తెలియాలి. 1862లో, అంతర్యుద్ధం జరుగుతుండగా, బానిసత్వం నుంచి తప్పించుకుని రాజధానికి చేరిన వాళ్లకు వైద్యం అందించడానికి వెలసిన ఆసుపత్రి అది. 1894లో డాక్టర్ డేనియల్ హేల్ విలియమ్స్ అక్కడికి ముఖ్య సర్జన్‌గా వచ్చారు. అంతకు ముందు ఏడాదే షికాగోలో కత్తిపోటు తిన్న ఒక మనిషి గుండెపొరకు కుట్లు వేసి బతికించిన వైద్యుడాయన. ఆయన వచ్చాక అక్కడ నర్సులకు శిక్షణ పాఠశాల ఏర్పడింది. నల్లజాతి అమ్మాయికి నర్సు చదువు దొరకడమే గగనమైన రోజుల్లో అదెంత పెద్ద ఆసరానో వేరే చెప్పక్కర్లేదు.

చదువు దొరికినా వృత్తిలో చోటు దొరకలేదు. అప్పట్లో అమెరికన్ నర్సుల సంఘంలో చేరాలంటే ముందు తమ రాష్ట్ర సంఘంలో సభ్యత్వం ఉండాల్సి వచ్చేది. దక్షిణాది రాష్ట్రాల సంఘాలు నల్లజాతి నర్సులను చేర్చుకునేవి కావు. జాతీయ సంఘం తానుగా ఎవరినీ వద్దనలేదు. అయినా గుమ్మం మూసే ఉంది. నిబంధన చాటున దాక్కున్న ఇలాంటి వివక్షే నిలదీయడానికి ఎక్కువ కష్టమని నా అభిప్రాయం. వృత్తిలో వివక్షను ఎదిరించడానికే మార్తా మినర్వా ఫ్రాంక్లిన్ పిలుపుతో 1908లో 52 మంది న్యూయార్క్‌లో సమావేశమై నల్లజాతి పట్టభద్ర నర్సుల జాతీయ సంఘాన్ని స్థాపించారు. మరుసటి ఏడాది బోస్టన్ మహాసభలో స్వాగతం పలికిన మేరీ ఎలైజా మహోనీ, 1879లోనే శిక్షణ పూర్తిచేసిన తొలి నల్లజాతి నర్సు. ఆమెతో కలిపి శిక్షణలో చేరిన 42 మందిలో చివరికంటా నిలిచింది నలుగురే.

హక్కుల కోసం పోరాడే సంఘం ఒకటి అప్పటికే ఉండగా ఈవెల్ బృందం ఇంకొకటి ఎందుకు పెట్టినట్టు? ఏటా జరిగే మహాసభ వేరు, పక్క వార్డులో పనిచేసే తోటి నర్సు అండ వేరు. అమెరికా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయిన ఆ ఏడాది ఉన్న ఉద్యోగం నిలిస్తే చాలనుకునేవాళ్లే ఎక్కువ. అలాంటప్పుడు ఊళ్లోనే కలుసుకుని, కొత్తగా వచ్చే పిల్లలకు దారి చూపి, చదువుకు సాయం చేసి, జనానికి ఆరోగ్య పాఠాలు చెప్పే చోటు కావాలి. కై ఈటా ఫై శాఖలు ఆ పని భుజాన వేసుకున్నాయి.

పెద్ద పోరాటం మరోవైపు సాగింది. 1941లో అమెరికా సైన్యం నల్లజాతి నర్సుల సంఖ్యను 56కి పరిమితం చేసింది. నల్లజాతి నర్సుల జాతీయ సంఘం నాయకురాలు మేబెల్ స్టాపర్స్ పట్టు వదలకుండా ఉద్యమించగా, 1945లో ఆ హద్దు తొలగింది. 1948లో అమెరికన్ నర్సుల సంఘం, రాష్ట్ర సంఘాలు తిరస్కరించిన వాళ్లను నేరుగా సభ్యులుగా చేర్చుకోవడానికి ఒప్పుకుంది. ఇక తమ పని తీరిందని 1951లో నల్లజాతి నర్సుల జాతీయ సంఘం రద్దయింది.

కై ఈటా ఫై మాత్రం ఆగలేదు. సంఘం చరిత్రను పుస్తకంగా రాసిన హెలెన్ మిల్లర్ పూనికతో, 1973లో ఆ సంఘమూ అమెరికన్ నర్సుల సంఘమూ కలిసి మహోనీ సమాధి వద్ద స్మారకం కట్టించాయి. మగ నర్సులకూ కై ఈటా ఫైలో సభ్యత్వం దక్కింది. తలుపు తెరిపించడంతో ఒక సంఘం పని పూర్తయింది. లోపలికి వచ్చిన వాళ్లను నిలబెట్టే పని ఏ ఏటికీ తీరేది కాదు గనుకనే రెండోది నిలిచింది.