కానరాని కౌలుదారు

పొలము కొనువాడు మన్నును పరీక్షించును, నీటిని విచారించును, పట్టాను చదివించుకొనును. ఆ పొలమును పూర్వము దున్నినవాడు ఇప్పుడెచ్చట నున్నాడని అడుగుట మాత్రము అరుదు. దున్నువాడు లేని పొలము నిరాటంకమైనదని లోకుల నమ్మకము. తెలంగాణమున ఈ నమ్మకము అనేకులను కచేరీల చుట్టును త్రిప్పినది.

మన వైరా సంగతియే చూడుడు. 1930 ప్రాంతమున ఏటికి ఆనకట్ట ఏర్పడి చెరువు నిండిన పిదప దాని క్రింది భూములకు వెల వచ్చెను. వెల వచ్చినచోట బేరములును వచ్చును. అప్పటికి నిజాము రాజ్యమున కౌలుదారునకు ఆసామీ షిక్మీ యని పేరు. పేరు గంభీరమే గాని హక్కు స్వల్పము. 1945లో వానికొక చట్టము కల్పింపబడినను, నిజమైన బలము 1950 జూన్ 10న అమలునకు వచ్చిన హైదరాబాదు కౌలుదారీ చట్టముతోనే చేకూరెను. ఫసలీ 1342 మొదలు 1352 వరకు గల కాలములో ఆరేండ్లు ఎడతెగక సాగుచేసినవాడు మొదలగువారు రక్షిత కౌలుదారులైరి. ఆ హక్కు వారసులకును సంక్రమించును.

అట్టివాడు పొలము విడిచి పోయినచో హక్కు పోవునా? ఊరక పోదు. తాను వదలుకొనుచున్నానని వ్రాతమూలకముగా తహసీలుదారు నెదుట ఒప్పుకొనవలెను. అది నిష్కపటమైనదని ఆ యధికారికి తోపవలెను. స్వయముగా సాగుచేయకుండుట దోషమే. కాని ఆ దోషమును చూపి భూస్వామి తనంతట పొలము నాక్రమింపరాదు, తహసీలుదారు ఉత్తరువు పొందవలెను.

ఇంత కట్టుదిట్టమేల యన్నచో, ఆచార్య ఖుస్రో హైదరాబాదు రాష్ట్రమున జరిపిన పరిశీలన సమాధానము చెప్పును. 1951 నాటి రక్షిత కౌలుదారులలో కొద్ది యేండ్లలోనే నూటికి 22 మంది అక్రమముగా వెడలగొట్టబడిరి. 17 మంది ‘స్వేచ్ఛగా’ వదలుకొనిరి. చట్టప్రకారము తొలగింపబడినవారు ముగ్గురైనను లేరు. భూమిని కొని యజమానులైనవారు 12 మంది. ఆ స్వేచ్ఛ యెట్టిదో పల్లె నెరిగినవారికి వివరింప నక్కరలేదు. కానరానివాడు తనకు తానై కానరాకపోలేదు.

మన ధర్మశాస్త్రకారులకును ఈ సూక్ష్మము తెలియును. యాజ్ఞవల్క్యుడు ఇరువది యేండ్ల అనుభవముచే భూమి పరుల దగునని చెప్పుచు, స్వామి చూచుచుండియు పలుకకున్నయెడల నను నియమము నుంచెను. చూచు వీలే లేనివాని మౌనము అంగీకార మెట్లగును?

కొన్నవాని గోడును వినదగినదే. భార్య మెడలోని బంగార మమ్మి రెండెకరములు కొన్నవానిని దొరవలె చూచుట న్యాయము కాదు. అయినను అమ్మినవాడు తనకు లేని స్వేచ్ఛను అమ్మజాలడు; రక్షిత కౌలుదారునకు ముందుగా కొనుమని చెప్పుట వాని విధి. 38-ఇ సెక్షను తెలంగాణమున అధిక భాగమునకు 1973 జనవరి 1న వర్తింపగా, దానికి లోబడిన భూములలో కౌలుదారుడే యజమాని యయ్యెను. పిదప వాని కొడుకులో మనుమలో ధ్రువపత్రముతో వచ్చి నిలిచినప్పుడు, క్రొత్త దస్తావేజు ఎంత యందముగా నున్నను లాభమేమి?

భద్రాచలపు దిక్కున ఏజెన్సీ గ్రామములలో చిక్కు వేరు. 1970 సవరణమువలన అచ్చట గిరిజనేతరుడు కొనుటకే వీలులేదు. తక్కినచోట్ల కొనదలచినవాడు బయానా ఇయ్యకముందే 1954–55 నాటి ఖాస్రా పహాణీని, రక్షిత కౌలుదారుల రిజిస్టరును వెదకించవలెను. పేరు కనబడినచో ఆ యింటివారు ఏ యూరికి వలసపోయిరో కనుగొని, అమ్ముచున్నవానిని వెంటబెట్టుకొని పోయి, వారితో ముఖాముఖి మాటాడవలెను. నెల పట్టవచ్చును, రెండు పట్టవచ్చును.