రెండు లాంచర్ల మధ్య చిక్కుకున్న పీసీ గేమ్: ముందుగా చూడవలసినది ఖాతానే

ఇందా (ఖరగ్‌పూర్): డబ్బు చెల్లించి కొన్న పీసీ గేమ్ తెరుచుకోకపోతే చాలామంది మొదట కంప్యూటర్‌ను అనుమానిస్తారు. ఆపై ఆటను తొలగించి, పదుల జీబీల డేటాను మళ్లీ దింపుకుంటారు. అయితే ఒక దుకాణంలో కొన్న ఆట మరో సంస్థ లాంచర్‌ను కూడా కోరుతున్నప్పుడు చిక్కు ఎక్కువగా ఆట ఫైళ్లలో కాక, రెండు ఖాతాల అనుసంధానంలో ఉంటుంది.

రైల్వే కొలువులతో వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలున్న పట్టణం ఖరగ్‌పూర్. అక్కడి ఇందా ప్రాంతంలోనైనా, విజయవాడ, వరంగల్‌లలోనైనా ఒకే కంప్యూటర్‌ను ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడుకోవడం మామూలే. అన్న తన స్టీమ్ ఖాతాలో యూబీసాఫ్ట్ ఆట కొన్నాడనుకుందాం. ఆ సమయానికి కంప్యూటర్‌లో తమ్ముడి యూబీసాఫ్ట్ కనెక్ట్ ఖాతా తెరిచి ఉంటే, తొలిసారి ఆట ప్రారంభించినప్పుడే దాని హక్కు తమ్ముడి ఖాతాలో నమోదు కావచ్చు. తర్వాత అన్న తన సొంత ఖాతాతో ప్రవేశిస్తే, ఆ ఆట తనది కాదన్నట్లు సందేశం ఎదురవుతుంది. ఈ ముడిని ఆటను ఎన్నిసార్లు తిరిగి ఇన్‌స్టాల్ చేసినా విప్పలేము.

రెండు లాంచర్లు ఎందుకు?

వాల్వ్ సంస్థ 2003 సెప్టెంబర్‌లో స్టీమ్‌ను ప్రారంభించింది. మరుసటి ఏడాది వచ్చిన 'హాఫ్-లైఫ్ 2' ఆడాలంటే స్టీమ్ తప్పనిసరి అయింది. తర్వాత ఇతర ప్రచురణ సంస్థలూ అదే బాట పట్టాయి. యూబీసాఫ్ట్ 2009లో తెచ్చిన యూప్లే 2020లో యూబీసాఫ్ట్ కనెక్ట్‌గా మారింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2011లో ఆరిజిన్‌ను తెచ్చి, అనంతరం దాని స్థానంలో ఈఏ యాప్‌ను నిలిపింది. రాక్‌స్టార్ గేమ్స్ 2019 సెప్టెంబర్‌లో సొంత లాంచర్‌ను విడుదల చేసింది.

ఈ సంస్థల ఆటలను స్టీమ్‌లో కొన్నప్పుడు 'ప్లే' నొక్కగానే స్టీమ్ నేరుగా ఆటను తెరవదు. రెండో లాంచర్‌ను పిలుస్తుంది. అది తన సర్వర్‌లో హక్కును సరిచూసుకున్నాకే ఆట మొదలవుతుంది. ఈ గొలుసులో ఏ లంకె తెగినా ఆట ఆగిపోతుంది.

వరుసగా చూడవలసినవి

మొదట రెండు లాంచర్లలోనూ ఎవరి ఖాతా తెరిచి ఉందో చూడాలి. రెండో లాంచర్‌ను విడిగా తెరిచి, సరైన ఈమెయిల్‌తో ప్రవేశించి, ఆ తర్వాతే స్టీమ్ నుంచి ఆటను ప్రారంభించాలి. ఖాతా పొరపాటున వేరొకరిదానితో ముడిపడితే, కొనుగోలు రసీదుతో ఆ ప్రచురణ సంస్థ సహాయ విభాగాన్ని సంప్రదించడమే మార్గం.

రెండోది అనుమతులు. ఒక లాంచర్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో, మరొకదానిని సాధారణ హోదాలో నడిపితే ఒకదాని పిలుపు మరొకదానికి అందకపోవచ్చు. టాస్క్ మేనేజర్‌లో రెండింటినీ పూర్తిగా మూసివేసి, రెండింటినీ సాధారణ హోదాలోనే తిరిగి తెరవాలి. కంప్యూటర్ గడియారంలో తేదీ, సమయం తప్పుగా ఉన్నా సర్వర్‌తో సురక్షిత సంబంధం ఏర్పడదు.

మూడోది కాష్. ఈఏ యాప్‌లో 'హెల్ప్' కింద ఉన్న 'యాప్ రికవరీ' ద్వారా దానిని ఖాళీ చేయవచ్చు. నాలుగోది ఓవర్‌లే. ఆట మీద కనిపించే ఈ అదనపు తెరలు రెండు లాంచర్లలోనూ ఉంటాయి. ఆట నల్లతెరతో నిలిచిపోతే ఒకదానిని ఆపి చూడాలి.

ఇవేవీ ఫలించకపోతే స్టీమ్ లైబ్రరీలో ఆట పేరుపై రైట్ క్లిక్ చేసి, 'ప్రాపర్టీస్'లోని 'ఇన్‌స్టాల్డ్ ఫైల్స్' విభాగంలో ఫైళ్లను సరిచూడమని ఆదేశించవచ్చు. పాడైన ఫైళ్లు మాత్రమే మళ్లీ డౌన్‌లోడ్ అవుతాయి కనుక డేటా ఆదా అవుతుంది.

సేవ్ ఫైళ్లు జాగ్రత్త

రెండో లాంచర్‌ను తొలగించే ముందు ఆట పురోగతి ఎక్కడ నిల్వ ఉందో తెలుసుకోవాలి. యూబీసాఫ్ట్ కనెక్ట్ ఆటల్లో పలు ఆటల సేవ్ ఫైళ్లు ఆ లాంచర్ ఫోల్డర్‌లోని 'సేవ్‌గేమ్స్'లోనే ఉంటాయి. ముందుగా దాని ప్రతిని వేరేచోట భద్రపరచాలి. క్లౌడ్‌లోని ప్రతికీ కంప్యూటర్‌లోని ప్రతికీ తేడా ఉందని లాంచర్ ప్రశ్నిస్తే, తేదీలు చూసిన తర్వాతే ఒకదానిని ఎంచుకోవాలి. తొందరపడితే నెలల ఆట చెరిగిపోవచ్చు.

ఇంటర్నెట్ నిలకడగా లేనిచోట ఆఫ్‌లైన్‌లో ఆడదలచినవారు, నెట్ ఉన్నప్పుడే ఒకసారి ఆటను ప్రారంభించి, రెండు లాంచర్లనూ ఆఫ్‌లైన్ విధానంలోకి మార్చుకోవాలి. ఒక్క స్టీమ్‌ను మార్చితే చాలదు. నిరంతరం సర్వర్‌తో సంబంధం కోరే ఆటలకు ఈ వెసులుబాటు వర్తించదు.

లాంచరే మూతపడితే?

మైక్రోసాఫ్ట్ 2013 ఆగస్టులో 'గేమ్స్ ఫర్ విండోస్ లైవ్' విక్రయ కేంద్రాన్ని మూసివేసింది. అదే ఏడాది 'బయోషాక్ 2' స్టీమ్ ప్రతి నుంచి ఆ సేవపై ఆధారాన్ని తొలగించారు. బెథెస్డా తన లాంచర్‌ను 2022 మే నెలలో నిలిపివేసి, వినియోగదారుల ఆటలను స్టీమ్‌కు తరలించుకునే వీలు కల్పించింది. 2024 మే నెలలో 'హెల్‌డైవర్స్ 2' స్టీమ్ ఆటగాళ్లకు ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఖాతాను తప్పనిసరి చేస్తామని ప్రకటించిన సోనీ, తీవ్ర నిరసనల నడుమ కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది.

గడువు మరువరాదు

స్టీమ్‌లో కొన్న ఆటకు సాధారణంగా 14 రోజులలోగా, ఆడిన సమయం 2 గంటలకు మించకుండా ఉంటే డబ్బు వాపసు కోరవచ్చు. ఇక్కడే ఒక మెలిక ఉంది. రెండో లాంచర్ తెర వద్దే ఆట నిలిచిపోయినా, అది నడుస్తున్నట్లు స్టీమ్ చూపుతున్నంతసేపూ ఆ సమయం లెక్కలో చేరుతుంది. అందువల్ల ప్రతి ప్రయత్నం తర్వాత ఆటను పూర్తిగా మూసివేయాలి. గంటన్నర దాటినా ఫలితం లేకపోతే ముందు వాపసుకు దరఖాస్తు చేయడం మేలు.

కొనుగోలుకు ముందే స్టీమ్‌లో ఆట పేజీని పరిశీలిస్తే, మరో సంస్థ ఖాతా అవసరమా అన్నది అందులో సూచించి ఉంటుంది. ఆ ఖాతాను ఎవరి ఈమెయిల్‌తో, ఎవరి ఫోన్ నంబరుతో తెరవాలో ఇంట్లో ముందే నిర్ణయించుకుంటే, ఆటను తెరిచే రోజున అన్నదమ్ముల మధ్య తగవుకు తావుండదు.